మురుగు దిగితేనే మలి మాట: గోదావరి డెల్టాలో వాతావరణ మార్పుకు తగిన వరి సాగు

గోదావరి డెల్టా వరి రైతుకు సలహాలకు కొదవ లేదు. శ్రీ పద్ధతి అన్నారు, డ్రమ్ సీడర్ అన్నారు, వెదజల్లమన్నారు, తడి–పొడి పద్ధతి అంటున్నారు. ఇప్పుడు కార్బన్ క్రెడిట్ల మాట కూడా ఊళ్లోకి దిగింది. ఇరవై ఏళ్లుగా ఒకదాని వెనక ఒకటిగా వచ్చిన ఈ పద్ధతుల్లో కొన్ని నిలిచాయి, కొన్ని ప్రదర్శన క్షేత్రాల బోర్డుల దగ్గరే ఆగిపోయాయి. ఏది ఎందుకు నిలిచిందో, ఏది ఎందుకు నిలవలేదో లెక్క తీస్తే తప్ప వాతావరణ మార్పుకు తగిన వరి సాగు అంటే ఇక్కడ ఏమిటో తేలదు.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2010లో ఈ తరహా సాగుకు మూడు లక్షణాలు చెప్పింది. దిగుబడీ ఆదాయమూ పెరగాలి, వాతావరణం కొట్టే దెబ్బను పంట తట్టుకోవాలి, వేడిని పెంచే వాయువులు తగ్గాలి. వినడానికి మూడూ సబబే. కానీ డెల్టాలో సార్వా (ఖరీఫ్ పంట) బాధ వేరు, దాళ్వా (రబీ పంట) బాధ వేరు. సార్వాలో నీరు ఎక్కువై పంట పోతుంది. దాళ్వాలో నీరు చాలక శివారు చేలు ఎండుతాయి. రెంటినీ ఒకే కొలతతో కొలిచినందువల్లే చాలా సిఫార్సులు కాగితం మీద నెగ్గి చేలో ఓడాయి. అందుకే ఈ సమీక్షలో ప్రతి పద్ధతినీ రెండు పంటల్లోనూ విడివిడిగా చూద్దాం.

నీరు తేవడానికి కట్టిన డెల్టా

ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు కలిపి పది లక్షల ఎకరాల పైచిలుకు ఆయకట్టు ఈనాటికీ ఆ ఏర్పాటు మీదే బతుకుతోంది. కాలువ మెరక వెంట నడుస్తుంది, మురుగు పల్లం వెంట పోతుంది. మధ్యలో చేనుకూ చేనుకూ వేరే బోదె ఉండదు. చాలాచోట్ల పై చేలో నిండిన నీరు గట్టు గండి గుండా కింది చేలోకి దిగుతుంది. ఎప్పుడు పెట్టాలి, ఎంత పెట్టాలి అన్నది రైతు చేతిలో సగమే ఉంటుంది. ఎప్పుడు తీయాలన్నది అంతకన్నా తక్కువ.

కాలువలకు దక్కిన శ్రద్ధ మురుగు కాలువలకు ఎన్నడూ దక్కలేదు. మురుగు సమస్య మీద 1960లలోనే మిత్ర కమిటీ వేశారు, 1968లో మురుగు పన్ను చట్టం తెచ్చారు. అయినా పూడిక, గుర్రపుడెక్క, ఆక్రమణలు, సముద్రపు పోటు కలిసి వాన నీటిని రోజుల తరబడి చేలల్లోనే నిలబెడుతున్నాయి. కోనసీమ రైతులు 2011 ఖరీఫ్‌లో వేలాది ఎకరాలు బీడు పెట్టి పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు చెప్పిన కారణాల్లో మురుగు ఒకటి. 2022లో మళ్లీ అదే మాట, అదే కోనసీమ.

పైగా డెల్టా నేల ఏటేటా ఎదిగే నేల కాకుండా పోయింది. ఎగువన జలాశయాలు కట్టాక గోదావరి సముద్రానికి మోసుకొచ్చే ఒండ్రు 1970లతో పోలిస్తే బాగా తగ్గింది. ప్రపంచంలో కుంగుతున్న డెల్టాల మీద 2009లో వచ్చిన పరిశోధనలో కృష్ణా, గోదావరి రెండూ ఉన్నాయి. నేల కుంగి సముద్రం పెరిగితే ముందు దెబ్బతినేది పల్లపు మురుగే. వాలు తగ్గినకొద్దీ నీరు బయటికి పోదు, పోటు వేళ ఉప్పునీరు లోపలికి ఎగదన్నుతుంది. ఇక్కడ వాతావరణ మార్పు రైతుకు మొదట కనిపించేది మురుగు కాలువలోనే.

మీథేన్ ఎక్కడిది

నీరు నిలిచిన మడిలో పలుచటి పైపొర కిందికి గాలి చొరదు. ఆ గాలిలేని బురదలో పాత దుబ్బులు, వేళ్లు, ఆకు కుళ్లుతుంటే కొన్ని సూక్ష్మజీవులు మీథేన్ పుట్టిస్తాయి. అది ఎక్కువగా వరి కాడలోని గాలి గొట్టాల గుండానే పైకి వస్తుంది. వందేళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా 27 రెట్లు వేడి పట్టే వాయువు అది. మడిని మధ్యమధ్య ఆరబెడితే నేలకు గాలి తగిలి ఆ జీవుల పని ఆగుతుంది.

వాతావరణ మార్పుపై అంతర్ ప్రభుత్వ సంఘం (ఐపీసీసీ) 2019 మార్గదర్శకాల ప్రకారం దక్షిణాసియాలో ఎప్పుడూ నీరు నిలిపే వరి హెక్టారుకు రోజుకు 0.85 కిలోల మీథేన్ వదులుతుంది. పంట కాలంలో ఒకసారి ఆరబెడితే అది 71 శాతానికి, పలుమార్లు ఆరబెడితే 55 శాతానికి దిగుతుంది. చేలో వంద రోజులు ఉండే దాళ్వాకు ఈ లెక్క కడితే ఎకరాకు సుమారు 34 కిలోల మీథేన్, అంటే టన్నుకు కాస్త తక్కువ కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. పలుమార్లు ఆరబెడితే ఎకరాకు తగ్గేది దాదాపు 0.4 టన్ను. తడీ పొడీ మారినప్పుడు నత్రజని ఎరువు నుంచి నైట్రస్ ఆక్సైడ్ కొంత పెరుగుతుంది. అది 273 రెట్లు వేడి పట్టే వాయువు కనుక యూరియా ఎడాపెడా చల్లే చోట ఈ లాభంలో కొంత కరిగిపోతుంది. ఎకరాకు 0.4 టన్ను అన్న అంకెను గుర్తుంచుకోవాలి, కార్బన్ డబ్బు దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ కావాలి.

తడి–పొడి: దాళ్వాలో పనికొచ్చేది, సార్వాలో కానిది

ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతికి కావలసిన పరికరం ఒక ప్లాస్టిక్ గొట్టం ముక్క. అడుగు పొడవు, నాలుగు నుంచి ఆరు అంగుళాల వెడల్పు. కింది భాగం నిండా చిల్లులు పెట్టి, ఆ భాగం భూమిలో ఉండేలా మడిలో దిగేసి, లోపలి మట్టి తోడేస్తారు. చేలో పైకి నీరు కనబడకపోయినా గొట్టంలోకి తొంగిచూస్తే నేల కింద నీరు ఎంత లోతున ఉందో తెలుస్తుంది. 15 సెంటీమీటర్ల కిందికి జారితే అప్పుడు మళ్లీ రెండంగుళాల నీరు పెట్టాలి. ఊడ్చాక మొదటి రెండు వారాలు, ఈనిక వేళ మాత్రం చేను ఆరనివ్వకూడదు.

ప్రపంచవ్యాప్తంగా 56 అధ్యయనాలను కలిపి 2017లో చేసిన విశ్లేషణ ప్రకారం తడి–పొడి వల్ల నీటి వాడకం 25.7 శాతం తగ్గింది. దిగుబడి సగటున 5.4 శాతం పడిపోయింది. అయితే ఆ సగటు వెనక రెండు వేరు కథలున్నాయి. గొట్టంలో 15 సెంటీమీటర్ల హద్దు దాటకుండా ఆరబెట్టిన చోట దిగుబడి దాదాపు తగ్గలేదు. నెర్రెలు విచ్చేదాకా ఎండగట్టిన చోట 22 శాతం పైగా పోయింది. డెల్టాలోని బరువైన నల్లరేగడి బంకమట్టికి ఈ తేడా ప్రాణం లాంటిది. ఒక్కసారి లోతుగా నెర్రె విచ్చిందంటే తరవాత పెట్టిన నీరు ఆ నెర్రెల్లోకే దిగిపోయి, ఆదా అనుకున్నది కాస్తా రెట్టింపు ఖర్చవుతుంది.

మడి ఆరబెట్టడం ఇక్కడి రైతుకు కొత్తేమీ కాదు. సుడిదోమ పట్టినప్పుడు నీరు తీసి చేను ఆరగట్టమని, రెండు మీటర్లకోసారి కాలిబాట వదలమని వ్యవసాయ శాఖ చెప్పేదే, రైతు చేసేదే. మరి గొట్టం ఎందుకు నిలవలేదు? ఇవాళ చేను ఆరబెట్టిన రైతుకు, ఎల్లుండి కావాలన్నప్పుడు కాలువలో నీరు ఉంటుందన్న నమ్మకం లేదు. నీటి తీరువా ఎకరం లెక్కన కడతాడు, ఎంత వాడాడన్నదానితో పని లేదు. పొదుపు చేస్తే మిగిలేది అతనికి కాదు, కిందివాడికి. ఇలాంటప్పుడు నీరు దొరికినప్పుడే మడి నింపుకోవడం తెలివితక్కువ కాదు, తెలివే.

అందుకే తడి–పొడిని రైతు స్థాయిలో కాక కాలువ స్థాయిలో చూడాలి. దాళ్వాకు గోదావరి సహజ ప్రవాహం చాలని ఏడాది ఎగువన సీలేరు నుంచి వదిలే నీటి మీద ఆధారపడి, ఫిబ్రవరి నుంచి వంతులవారీ విధానం పెడుతూనే ఉన్నారు. కొన్ని రోజులు కాలువ పారుతుంది, కొన్ని రోజులు ఆగుతుంది. బలవంతాన అమలయ్యే తడి–పొడి అదే. తేడా ఒక్కటే: కరువు వచ్చాక హడావిడిగా పెడతారు, వంతు తేదీలు తప్పుతాయి, శివారుకు చేరేసరికి పొట్ట దశ దాటిపోతుంది. ఆ వంతునే ఊడ్పుల ముందే ప్రకటించి, తేదీ తప్పకుండా నడిపి, ఈనిక రోజుల్లో కాలువ కట్టకుండా చూస్తే దాళ్వా ఆయకట్టు మొత్తం గొట్టాల అవసరం లేకుండానే తడి–పొడిలోకి వస్తుంది. శివారు రైతుకు నీరూ అందుతుంది.

సార్వాలో ఈ పద్ధతి గురించి మాట్లాడటమే అనవసరం. ఆగస్టులో వారం వానకు చేలూ బోదెలూ మురుగూ ఏకమైనప్పుడు గొట్టం కూడా నీళ్లలోనే ఉంటుంది.

శ్రీ సాగు, వెద సాగు

మడగాస్కర్‌లో 1983 ప్రాంతంలో ఫ్రెంచి మతగురువు ఆంరి ద లొలానియే రూపొందించిన శ్రీ పద్ధతి 2003 ఖరీఫ్‌లో ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం అన్ని జిల్లాల్లో ప్రదర్శనలు పెట్టింది. 8 నుంచి 14 రోజుల లేత నారు, కుదురుకు ఒకే మొక్క, 25 సెంటీమీటర్ల ఎడం, నీరు నిలపకుండా తడి మాత్రమే, కలుపును వీడర్‌తో నేలలోకే తొక్కడం. బోరు కింద, సొంత మోటారుతో, మెరక పొలంలో ఇది బాగా నడిచింది. డెల్టాలో నడవలేదు. జులైలో ఊడ్చిన పదిరోజుల లేత నారును ముంచేంత నీరు మడిలో ఉంటుంది. కూలీలు ముఠాగా వచ్చి ఎకరాకింత అని గుత్త మాట్లాడుకునే చోట ఒక్కో మొక్కా గీత మీద నాటడం కుదరలేదు. పద్ధతి తప్పు కాదు, ఆ పొలం దానికి తగింది కాదు.

వెదజల్లే పద్ధతి కథ దీనికి తలకిందులు. ఏ ప్రదర్శన అవసరం లేకుండానే కృష్ణా డెల్టాలో పాకింది. కాలువ నీరు ఆలస్యమైన ఏళ్లలో రైతులు తొలకరికే పొడి దుక్కిలో విత్తనం జల్లి, నీరు వచ్చాక మామూలు మాగాణిగా మార్చుకోవడం నేర్చారు. ఆకుమడి, నారు పీకుడు, ఊడ్పు ఖర్చులన్నీ మిగిలాయి. చేను తొలి నెలంతా నీరు లేకుండా ఉంటుంది కనుక మీథేన్ కూడా తగ్గుతుంది. వాతావరణం పేరు చెప్పకుండా, కూలి ఖర్చు తగ్గుతుందని వచ్చిన పద్ధతి వాతావరణానికీ మేలు చేసింది. ఇరవై ఏళ్ల అనుభవం చెప్పే పాఠం ఇదే: రైతు జేబుకు ముందు పనికొచ్చిందే నిలుస్తుంది.

దీని బాకీ కలుపు. ఊడ్చిన చేలో నీటి పొర ఊదను అణిచేస్తుంది, వెద చేలో ఆ పొర ఉండదు. ఊద, తుంగ వరితోనే మొలిచి, రెండు విడతలు మందు కొట్టక తప్పని స్థితి తెస్తాయి. ఒకే మందు ఏళ్ల తరబడి వాడితే దానికి లొంగని కలుపు మిగులుతుంది. గోదావరి డెల్టా పల్లపు చేలల్లో మరో ముప్పు: జల్లిన మూడో రోజే గట్టి వాన పడితే మొలక కుళ్లిపోతుంది. దాళ్వాలో డ్రమ్ సీడర్‌తో, దమ్ము చేసి చదును బాగా పెట్టిన మడిలో మొలకకట్టిన విత్తనం వేయడం ఇక్కడ నమ్మదగిన మార్గం. సార్వాలో మెరక చేలకే పరిమితం చేసుకోవాలి.

విత్తనం: డెల్టా సొంత బలం

ఈ సమీక్షలో ఎక్కువ మార్కులు వేయదగినది వంగడాలకే. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన స్థానం 1982లో ఇచ్చిన స్వర్ణ (ఎంటీయూ 7029), 2000లో ఇచ్చిన కాటన్‌దొర సన్నాలు (ఎంటీయూ 1010), బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి (బీపీటీ 5204) కృష్ణా, గోదావరి డెల్టాలు దాటి తూర్పు భారతమంతా పాకాయి. రైతు కొత్తగా ఏమీ నేర్చుకోనక్కరలేదు, విత్తనం బస్తా మారితే చాలు.

ముంపు తట్టుకునే గుణం ఎలా పనిచేస్తుందో చూస్తే ఆ బలం అర్థమవుతుంది. మునిగిన మామూలు వరి ఊపిరి కోసం ఆకులు సాగదీసుకుంటూ ఒంట్లోని పిండిపదార్థమంతా ఖర్చు చేసుకుంటుంది. నీరు తీసేసరికి నిలబడే సత్తువ లేక వాలిపోతుంది. ఒడిశా నాటు రకం నుంచి వచ్చిన ఎఫ్‌ఆర్ 13ఏలో గుర్తించిన సబ్–1 జన్యువు ఉన్న మొక్క ఎదుగుదల ఆపేసి కదలకుండా ఉంటుంది, రెండు వారాల తరవాత నీరు దిగాక మళ్లీ చిగురిస్తుంది. ఆ జన్యువును స్వర్ణలోకి చేర్చిన స్వర్ణ సబ్–1 మన దేశంలో 2009లో విడుదలైంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినట్టు వరదలు వచ్చే కాలంలో ఇది చిన్న విషయం కాదు. అయితే ఈ గుణానికీ హద్దుంది. రెండు వారాల్లో నీరు దిగాలి. మురుగు పారని చోట మూడో వారం కూడా నీరు నిలిస్తే ఏ జన్యువూ కాపాడదు.

2025 మేలో కేంద్రం ప్రకటించిన రెండు జన్యు సవరణ వరి రకాల మాతృకలు కూడా ఇక్కడివే. హైదరాబాద్‌లోని భారత వరి పరిశోధన సంస్థ చేసిన ‘కమల’ సాంబ మసూరి నుంచి, ఢిల్లీ సంస్థ చేసిన ‘పూసా డీఎస్టీ రైస్ 1’ కాటన్‌దొర సన్నాల నుంచి వచ్చాయి. రెండోది ఉప్పును, బెట్టను తట్టుకుంటుందని చెబుతున్నారు. సముద్రతీర మండలాల చౌడు చేలల్లో, రొయ్యల చెరువుల పక్క పొలాల్లో పండించి చూపినప్పుడే ఆ మాట డెల్టాలో చెల్లుతుంది.

పంట తేదీలు, పంట మార్పు

డెల్టాలో సార్వాను ముంచేది ఎక్కువగా కోత వేళ వచ్చే తుపాను. 1977 నవంబరులో దివిసీమ, 1996 నవంబరులో కోనసీమ. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ కోతకొచ్చిన చేలను పడగొట్టింది, కోసిన పనలను నీటిపాలు చేసింది. మొలకెత్తిన ధాన్యం, తేమ ఎక్కువైన ధాన్యం చేతిలో పెట్టుకుని మిల్లు ముందు నిలబడ్డ రైతుకు దిగుబడి అంకెలతో పనేముంది?

దీనికి జవాబుగా 2022లో గోదావరి డెల్టాకు జూన్ 1నే నీరు వదిలారు. జూన్‌లో నారు పోస్తే అక్టోబరు చివరికి కోత, డిసెంబరుకు దాళ్వా, మార్చి ఆఖరుకు కాలువలు కట్టి మరమ్మతులు. ఏ పరికరం, ఏ సబ్సిడీ అక్కరలేని ఉపాయం. కానీ ముందు వేసిన చేను జులై వరదకు లేతగా దొరుకుతుంది. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో పూత తడిస్తే తాలు పడుతుంది. అందుకే ఊరంతా ఒకేసారి దమ్ము చేయాలి, పల్లపు చేలకు ముంపు తట్టుకునే రకం వేయాలి, వేసవిలోనే మురుగు పూడిక తీయాలి. కాలువ మరమ్మతులు వాయిదా పడిన ఏడాది ముందస్తు నీరు మాటకే మిగులుతుంది.

మీథేన్ తగ్గించడానికి అన్నిటికన్నా గట్టి పద్ధతి మాత్రం రెండో పంటగా వరి మానడమే. కృష్ణా డెల్టా రైతు దీన్ని ఎప్పటినుంచో చేస్తున్నాడు. సార్వా కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలబడ్డ వరిలోనే మినుము జల్లుతాడు. దున్నేది లేదు, నీరు పెట్టేది లేదు. కోత మనుషుల అడుగుల కింద విత్తనం బురదలో నాటుకుని, ఆ మిగులు తేమకూ మంచుకూ పండుతుంది. ఇప్పుడు కోత యంత్రం చక్రాలు ఆ మొలకను తొక్కేస్తున్నాయి, పల్లాకు తెగులు ఆకులను పసుపుపచ్చగా మార్చి పంటను పోగొడుతోంది. అందుకే చాలామంది దున్నకుండా మొక్కజొన్న వేస్తున్నారు. గోదావరి డెల్టా పల్లపు చేలకు ఈ మార్గం అంత తేలిక కాదు. డిసెంబరులోనూ నీరు ఊరే నేలలో అపరాలు బతకవు. దాళ్వా వరి అక్కడ అలవాటు మాత్రమే కాదు, నేల అనుమతించే పంట. మళ్లీ మురుగు దగ్గరికే వచ్చాం.

గడ్డి, పచ్చిరొట్ట విషయంలో ఒక జాగ్రత్త. జీలుగ, జనుము, వరిగడ్డి నేలకు బలమే. అయితే వాటిని దున్నిన వెంటనే నీరు నిలబెడితే మీథేన్ పెరుగుతుంది. రెండు మూడు వారాలు నేల ఆరగా ఉండగానే కుళ్లనిచ్చి ఆ తరవాత దమ్ము చేయాలి. ప్రకృతి వ్యవసాయం పేరుతో సేంద్రియ పదార్థం పెంచే కార్యక్రమాలు డెల్టా మాగాణిలో ఈ వ్యవధిని పట్టించుకోకపోతే ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టే.

వియత్నాం చేస్తున్నది, మనకు కుదిరేది

మెకాంగ్ డెల్టాలో 2030 నాటికి పది లక్షల హెక్టార్లలో నాణ్యమైన, తక్కువ ఉద్గారాల వరి పండించాలని వియత్నాం 2023 నవంబరులో నిర్ణయించింది. విత్తనం మోతాదు, ఎరువు, పురుగుమందు, నీరు, కోత నష్టం తగ్గించడం అందులో భాగం. అక్కడ కట్టల మధ్య ఒక బ్లాకు పొలాలకు కలిపి పంపు ఉంటుంది, సహకార సంఘం అనుకున్నరోజు నీరు పెడుతుంది, అనుకున్నరోజు తోడేస్తుంది. మన దగ్గర 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి గాని వాటికి కాలువ మీద ఉన్న పాటి అధికారం కూడా మురుగు మీద లేదు. వియత్నాం నుంచి నేర్చుకోవలసింది గొట్టం కాదు, నీరు తోడే ఉమ్మడి ఏర్పాటు.

కార్బన్ డబ్బు ఎంత

ఇందాకటి అంకె ఇప్పుడు తీద్దాం. ఎకరాకు 0.4 టన్ను తగ్గిస్తే, టన్ను పది డాలర్లకు అమ్ముడైందనుకుంటే, వచ్చేది మూడు నాలుగు వందల రూపాయలు. అందులోంచే కొలిచేవారి, ధ్రువీకరించేవారి, మధ్యవర్తుల వాటా పోవాలి. 2025–26 మద్దతు ధర క్వింటాకు రూ. 2,369 లెక్కన 75 కిలోల బస్తా విలువ దాదాపు రూ. 1,777. అంటే కార్బన్ సొమ్ము పావు బస్తాకు కూడా చాలదు. ఆరబెట్టడం గాడి తప్పి దిగుబడి అయిదు శాతం పడితే, నలభై బస్తాల దాళ్వాలో పోయేది రెండు బస్తాలు. పావు బస్తా కోసం రెండు బస్తాలు పణంగా పెట్టమని అడగడం న్యాయం కాదు. నమ్మకం సంగతీ అంతంతే: 2024లో వెర్రా అనే ధ్రువీకరణ సంస్థ చైనాలోని 37 వరి ప్రాజెక్టులను తిరస్కరించింది.

ఆ కాస్త డబ్బు కూడా ఎవరికి చేరుతుందన్నది అసలు ప్రశ్న. డెల్టాలో దుక్కి దున్నేది ఎక్కువగా కౌలు రైతు. కౌలు బస్తాల లెక్కన ముందే ఖరారవుతుంది, పంట పోయినా పూర్తిగా తగ్గదు. 2019 సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కార్డు రావాలంటే భూ యజమాని ఒప్పుకోవాలి, ఆ ఒప్పందం పదకొండు నెలలకే. పొలం కాగితం ఎవరి పేర ఉంటే క్రెడిట్ వాళ్ల పేర పడితే, చేను ఆరబెట్టిన శ్రమా నష్టభయమూ ఒకరివి, సొమ్ము మరొకరిది అవుతుంది. 2021లో గ్లాస్గోలో ప్రకటించిన ప్రపంచ మీథేన్ ప్రతిజ్ఞలో భారత్ చేరలేదు. పొట్టకూటి పంట మీద పెద్ద దేశాల బరువు మోపకూడదన్న వాదన అందులో ఉంది. ఆ వాదన ఇంటి లోపలా వర్తించాలి, బరువు కౌలుదారు నెత్తిన పడకూడదు.

ఏది ముందు

పద్ధతులన్నీ వరసలో పెడితే డెల్టా కొలతలో మొదటి స్థానం ఏ పద్ధతికీ రాదు, మురుగు కాలువకు వస్తుంది. అది పారితే సబ్–1 రకం బతుకుతుంది, ముందస్తు నాట్లు గట్టెక్కుతాయి, మినుము పండుతుంది, వెద చేను మొలుస్తుంది. రెండో స్థానం విత్తనానికి, పంట తేదీలకు: సార్వాను కాపాడేవి అవే, రైతుకు అదనపు ఖర్చు లేనివీ అవే. మూడోది దాళ్వాలో తేదీ తప్పని వంతు. మీథేన్ తగ్గేది అక్కడే, శివారుకు నీరందేదీ అక్కడే. డ్రమ్ సీడర్, వెద సాగు చదును, కలుపు చూసుకుని ఎంచుకోవలసినవి. శ్రీ సాగు మెరక బోరు పొలాలకు. కార్బన్ డబ్బు వస్తే మంచిదే, దాన్ని నమ్ముకుని మాత్రం ఏ పద్ధతీ మొదలుపెట్టకూడదు.

ఇక ముందు జరిగే ప్రతి మూల్యాంకనం నాలుగు షరతులు పాటించాలి. ఒక రైతు మడిని కాక ఒక బోదె కింది పొలాలన్నీ, వాటి మురుగుతో సహా కొలవాలి. సార్వా, దాళ్వా ఫలితాలు విడిగా ఇవ్వాలి. కౌలు పోగా మిగిలిన బస్తాల్లో లాభం చెప్పాలి. తుపాను వచ్చిన ఏడాదిని లెక్కలోంచి తీసేయకూడదు, ఎందుకంటే ఆ పద్ధతి పనికొస్తుందో లేదో తేలేది ఆ ఏడాదే.